జయకర్ మాస్టారి వెండి సభ్యత్వం

తిరువూరులో జయకర్ మాస్టారిని ఎరగనివాళ్ళు లేరు. బస్టాండు దగ్గర దిగి "డ్రిల్లు మాస్టారి ఇల్లెక్కడ?" అని అడిగితే ఆటోవాళ్ళు ఇల్లు చూపించడంతో ఆగరు, ఆయన చేతిలో ఏ తరగతిలో ఎందుకు దెబ్బలు తిన్నారో కూడా చెప్పి పంపిస్తారు. అలాంటి మనిషి, తనని ఎవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి అరవై తొమ్మిదో ఏట ఒక కంపెనీకి నెలనెలా రుసుము కట్టవలసి వచ్చింది. మహనీయుల జీవితాల్లో ఇలాంటి ఘట్టాలు అరుదు కాబట్టి దీన్ని మొదటినుంచీ చెప్పడం న్యాయం.

జయకర్ మాస్టారు ఎ.కొండూరు దగ్గర ఒక పల్లెలో, పొలం పనికి పోయే కుటుంబంలో పుట్టారు. పొలం ఇంకొకరిది; దాని గట్ల మీద పరిగెత్తే హక్కు మాత్రం ఆయనదే. ఆ హక్కును పూర్తిగా వాడుకుని, కాలేజీ రోజుల్లో పరుగు పందెంలో జిల్లాకి మూడోవాడిగా నిలిచారు. ఆ రోజు పరిగెత్తింది నలుగురే. ఈ సంగతి ఆయన దాచలేదు. ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. తరవాత వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, చుట్టుపక్కల ఒక హైస్కూల్లో చేరి, ముప్పై ఒక్క సంవత్సరాలు ఈల ఊది రిటైరయ్యారు. గ్లోరిగారిని పెళ్ళి చేసుకున్నారు. గ్లోరిగారు నర్సుగా పనిచేసిన మనిషి. అందుచేత మగవాళ్ళు మూలిగే మూలుగుల్లో ఏది రోగమో ఏది వేషమో గుమ్మంలోంచే చెప్పేస్తారు.

ముప్పై ఒక్క సంవత్సరాలు ఈల ఊదారన్నది స్థూలంగా చెప్పిన మాట. సూక్ష్మంగా చూస్తే అంత ఊదలేదు. మన బడుల్లో డ్రిల్లు పీరియడంటే ఏమిటో చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. టైంటేబులు కాయితం మీద అది ఉంటుంది. దసరా సెలవులు అయ్యాక అది కాయితం మీదే ఉంటుంది. సిలబస్ పూర్తికాని మాస్టారల్లా స్టాఫ్‌రూములో ఆయన కుర్చీ దగ్గరికొచ్చి, "మాస్టారూ, ఇవాళ ఆఖరి పీరియడు నాకిద్దురూ" అంటారు. ఆయన ఇస్తారు. పిల్లలు కిటికీలోంచి గ్రౌండు వంక చూస్తూ లెక్కలు చేసుకుంటారు. జయకర్ మాస్టారు వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని వాలీబాల్‌కి గాలి కొట్టుకుంటారు.

ఇలా పీరియడ్లు పుచ్చుకున్నవాళ్ళలో అగ్రగణ్యులు లెక్కల మాస్టారు లాజరుగారు. ఈయనది పెనుగొలను. రోజూ స్కూటరు మీద వచ్చేవారు. సన్నగా, పొడుగ్గా, నల్లబల్ల మీద గీసిన నిట్టనిలువు గీతలా ఉండేవారు. ఇరవై ఆరేళ్ళ పాటు ఆయనా, జయకర్ మాస్టారూ ఒకే బెంచీ మీద కూర్చుని మధ్యాహ్నం భోజనం చేశారు. గ్లోరిగారి చేపల పులుసు లాజరుగారి కారేజీలోకీ, లాజరుగారి భార్య రిబ్కమ్మగారి గోంగూర పచ్చడి జయకర్ మాస్టారి కారేజీలోకీ రాకపోకలు సాగించేవి. ఒకరి పెళ్ళాం ఏం వండిందో రెండోవాడే ముందు రుచి చూసి తీర్పు చెప్పే స్నేహం అది.

ఆ స్నేహం ఒక్క సాయంత్రంలో ముగిసింది.

జయకర్ మాస్టారి పదవీ విరమణ సన్మానం. శాలువా కప్పారు, దండ వేశారు, ప్రధాన వక్తగా లాజరుగారు లేచారు. రెండు కాయితాలు రాసుకొచ్చారు. మైకు సరిచేసుకుని, లెక్కల మాస్టారికి తగ్గట్టు లెక్కతోనే మొదలుపెట్టారు.

"సభకి నమస్కారం. జయకర్‌గారి ఔదార్యం గురించి నేను మాటల్లో చెప్పను, అంకెల్లో చెబుతాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన నాకూ, తోటి ఉపాధ్యాయులకీ ఇచ్చిన పీరియడ్లు సుమారు నాలుగు వేల రెండొందలు. ఆయన దగ్గర మిగిలినవి..." అని ఒక్క క్షణం ఆగి, "...పెద్దగా లేవు!" అన్నారు.

సభ విరగబడి నవ్వింది. హెడ్‌మాస్టారు నవ్వారు. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని బయటికొచ్చి నవ్వారు. పూర్వ విద్యార్థులు చప్పట్లు మొదలుపెడితే అవి ఎంతకీ ఆగలేదు. ఈలోగా ఎవరో ఎమ్మెల్యేగారి మనిషి వచ్చాడని మైకు లాక్కున్నారు. జయకర్ మాస్టారు దండలోంచి ముందుకి చూస్తూ కూర్చున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు ఒక్క తీసివేత లెక్కలో పోయింది.

ఆ రోజునించీ ఇద్దరికీ మాటల్లేవు. మరుసటేడు లాజరుగారి సన్మానానికి జయకర్ మాస్టారు వెళ్ళలేదు. గ్లోరిగారు వెళ్ళి భోంచేసి వచ్చారు. జయకర్ మాస్టారిది ప్రొటెస్టెంటు చర్చి, లాజరుగారిది కేథలిక్కు. అందుచేత క్షమించడం గురించి ఇద్దరూ ప్రతి ఆదివారం వేరువేరు చోట్ల విని, ఎవరి ఇంటికి వారు వెళ్ళిపోయేవారు. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఇక 'పలకరింపు' సంగతి. అది ఫోనులో ఉండే ఒక కూడలి. మనుషులు తమ పేరు, ఫొటో, చేసిన ఘనకార్యాలు అందులో పెట్టుకుంటారు. మిగిలినవాళ్ళు వచ్చి చూసి పోతారు. పదో తరగతి పాత బ్యాచి కలుసుకున్నప్పుడు మణికంఠ అనే శిష్యుడు మాస్టారి ఫోను తీసుకుని, ఆయన వద్దంటూండగానే ఒక పేజీ తెరిచిపెట్టాడు. "ఊరికేనండీ మాస్టారూ, పైసా ఖర్చు లేదు" అన్నాడు. ఈ లోకంలో పైసా ఖర్చు లేకుండా ఒక కంపెనీ పదివేలమంది ఉద్యోగుల్ని ఎలా పోషిస్తోందని వ్యాయామ విద్యలో అడగరు. మాస్టారు కూడా అడగలేదు.

మూడు వారాల తరవాత ఒక ఉదయం ఆయన ఫోను టింగుమంది.

"ఈ వారం ఒక వ్యక్తి మీ పేజీని ఏడుసార్లు చూశారు."

కింద గుండ్రంగా ఒక ముఖం. కాని ముఖం మసకగా ఉంది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. మసక పోలేదు. ఫోను పంచెతో తుడిచారు. పోలేదు. భూతద్దం పెట్టి చూశారు. పెద్ద మసక కనపడింది. మొబైలు షాపుకి తీసుకెళ్తే అతను స్క్రీను మీది పాత గ్లాసు పీకి కొత్త గ్లాసు వేసి, "ఇప్పుడు చూడండి సార్, అద్దంలా ఉంది" అన్నాడు. అద్దంలాంటి గ్లాసులోంచి మసక మరింత స్పష్టంగా కనపడింది. ఇక లోపం తనలోనే ఉందని నిశ్చయించుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన చుక్కలు వేసి, గోడ మీది అక్షరాలు చదివించి, "మీ వయసుకి ఇంత మంచి చూపు నేను చూళ్ళేదండి" అన్నాడు.

"మరి ఇదేంటండీ?" అని మాస్టారు ఫోను చూపించారు.

డాక్టరు చూశాడు. "నాకూ మసగ్గానే ఉంది" అన్నాడు, కొంచెం కలవరపడి.

చిక్కుముడి విప్పింది మేడ మీద అద్దెకుంటున్న వినీల. ఆమె ఇంట్లోంచే ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది.

"అంకుల్, అది చెడిపోలేదు. వాళ్ళే మసకగా పెట్టారు."

"ఎందుకమ్మా?"

"డబ్బు కడితే తుడుస్తారు. వెండి సభ్యత్వం అని ఉంటుంది. తీసుకుంటే మీ పేజీ ఎవరు చూశారో, ఎన్నింటికి చూశారో చెప్తారు."

మసక కంట్లో లేదు, ఫోనులో లేదు, వ్యాపారంలో ఉందన్నమాట.

"మా బడిలో కూడా తెలుసుకోవాలంటే ట్యూషనుకి రావాల్సిందే అనే మాస్టారొకాయన ఉండేవాడమ్మా. కాని ఆయన కూడా పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద గుడ్డ కప్పలేదు."

"గుడికెళ్తే ధర్మదర్శనం, ప్రత్యేక దర్శనం ఉండవా అంకుల్? అలాగే ఇదీను."

"అక్కడ దేవుణ్ణి చూడ్డానికి కదమ్మా టికెట్టు! ఇక్కడ నన్ను ఎవడు చూశాడో చూడ్డానికి నేను కొనాలా?"

"పోనీ కొనకండి."

"అలాగని కాదు," అన్నారు మాస్టారు గబుక్కున.

ఏడుసార్లు. వారానికి ఏడు రోజులు. ఎవడో రోజూ క్రమశిక్షణగా వచ్చి చూసి పోతున్నాడు. క్రమశిక్షణ గల మనిషి ఎవరో తెలుసుకోకుండా డ్రిల్లు మాస్టారు బతకలేడు. వినీల సభ్యత్వాల పట్టిక చూపించింది. వెండి తరవాత బంగారం కూడా ఉంది. ఆ సంగతి చెప్పబోతుంటే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "బంగారం మనకెందుకమ్మా, వెండి చాలు. గ్లోరి ఆంటీకి చెప్పకు."

గ్లోరిగారు పక్కగదిలోంచి, "నేను వినలేదు" అన్నారు.

డబ్బు కట్టారు. గుండ్రంలోని మసక, తెల్లవారి పొగమంచు విడినట్టు నెమ్మదిగా విడిపోయింది. అందులోంచి సన్నగా, పొడుగ్గా, నిట్టనిలువుగా ఒక ముఖం బయటికొచ్చింది.

లాజరు.

ఉదయం ఆరూ పదికి. రోజూ ఆరూ పదికే.

ఆ రోజు జయకర్ మాస్టారు టిఫిను తినలేదు. గ్లోరిగారు రెండుసార్లు పిలిచి మానేశారు. ఆయన వసారాలో కూర్చుని ఆ ముఖం వంక చూస్తూ ఉండిపోయారు. తొమ్మిదేళ్ళుగా ఆయన కోరుకున్నది ఒకటే: లాజరు ముందు మాట్లాడాలి. వచ్చి, నేనన్నది తప్పయ్యా అనాలి. అది జరగలేదు. కాని వాడు రోజూ వచ్చి చూస్తున్నాడు! గుమ్మం ముందు నిలబడి, తలుపు కొట్టకుండా, వెళ్ళిపోతున్నాడు.

"చూడు గ్లోరీ, వాడికి పశ్చాత్తాపం మొదలైంది."

"పశ్చాత్తాపం ఆరూ పదికే ఎందుకు మొదలవుతుందండీ రోజూ?"

"టైంటేబులు మనిషి."

"మీరూ ఒక ముక్క రాయొచ్చుగా. అందులో మెసేజీ పెట్టడానికి డబ్బక్కర్లేదట, వినీల చెప్పింది."

"నేనా? ముందు నేనా?" అని మాస్టారు లేచి నిలబడ్డారు. సంభాషణ అక్కడితో ముగిసింది.

ఇక్కడ ఆ కంపెనీవాళ్ళ తెలివిని మెచ్చుకోకుండా ముందుకు పోవడం అన్యాయం. మాట్లాడ్డానికి వాళ్ళు ఏమీ పుచ్చుకోరు. అది ఉచితం, ఎంతైనా మాట్లాడుకోవచ్చు. మాట్లాడకుండా ఉండి, అవతలివాడు ఏం చేస్తున్నాడో తెలుసుకోవాలంటేనే రుసుము. మనుషుల్లో మాట్లాడుకునేవాళ్ళ కంటే మాటల్లేనివాళ్ళ దగ్గరే రాబడి ఎక్కువని ఆ పెద్దలు ఎక్కడో పరిశోధించి కనిపెట్టి ఉండాలి. తిరువూరు పెనుగొలను బాటలో ఆ సిద్ధాంతం పూర్తిగా రుజువైంది.

పది రోజులు మాస్టారు నిగ్రహించుకున్నారు. పదకొండో రోజు ఆరూ ఇరవైకి వేలు దానంతటదే జారి లాజరుగారి పేజీ మీద పడింది. వేలు జారిందనే ఆయన గ్లోరిగారితో చెప్పారు. మర్నాడూ ఆరూ ఇరవైకే జారింది. లాజరుగారి పేజీలో 'గణితం. ప్రతి ఏటా సిలబస్ సకాలంలో పూర్తి' అని ఉంది.

"ఎవడి పీరియడ్లతో?" అని మాస్టారు ఫోను వంక చూసి గట్టిగా అడిగారు.

అదే రోజు తన పేజీలో 'వ్యాయామ విద్య, ముప్పై ఒక్క ఏళ్ళు' అన్నచోట, పక్కన 'త్యాగపూరితంగా' అని చేర్చారు.

మర్నాడు ఆరూ పదికి లాజరుగారు వచ్చి చూశారు. ఆ మర్నాటికి ఆయన పేజీలో 'సిలబస్ పూర్తి' కింద 'సహోపాధ్యాయుల సహకారంతో' అని కొత్తగా వెలిసింది.

మాస్టారు దాన్ని గ్లోరిగారికి చదివి వినిపించారు. రెండుసార్లు. "సహకారం అన్నాడు. ఇంకా పేరు పెట్టలేదు. పెడతాడు, చూస్తూండు."

ఈ విధంగా మూడు నెలలు సాగింది. ఉదయం అయిదున్నరకి గ్రౌండులో నడక, ఆరింటికి ఇంటికి రాక, ఆరూ పదికి ఫోను టింగుమనడం, ఆరూ ఇరవైకి బదులు. తొమ్మిదేళ్ళుగా సరిగా పట్టని నిద్ర మాస్టారికి పడుతోంది. మనిషి కాస్త ఒళ్ళు చేశారు. గ్లోరిగారు ఏమీ అనలేదు. బీపీ చూసి, మాత్ర సగం తగ్గించారు.

తరవాత ఒక సోమవారం ఆరూ పదికి ఫోను మోగలేదు.

మాస్టారు ఆరున్నర దాకా చూశారు. ఏడు దాకా చూశారు. నెట్టు లేదేమోనని మేడ మెట్లెక్కి, దిగి, వీధిలోకి వెళ్ళి చూశారు. నెట్టు ఉంది. మంగళవారం కూడా లేదు. బుధవారం ఆయన వేలు ఆరూ ఇరవైకి బదులు ఆరూ పదికే జారింది, దారి చూపిద్దామన్నట్టు. ఫలితం లేదు. ఏమన్నా అడుగుదామంటే వినీల ఆ వారం ఆఫీసు పనిమీద హైదరాబాదు వెళ్ళింది. గురువారం కంపెనీయే స్వయంగా ఒక ఉత్తరం పంపింది: "ఈ వారం మీ పేజీని ఎవరూ చూడలేదు. విచారించకండి! మరింతమందికి చేరువ కండి!"

"విచారించొద్దని వాళ్ళే చెబుతున్నారంటే విచారించవలసిందేదో ఉందన్నమాట," అన్నారు మాస్టారు. "డెంగీ బాగా ఉందట పెనుగొలను, గంపలగూడెం వైపు. నిజమేనా?"

"ఫోన్ చేసి అడగండి. నంబరు ఉందిగా."

"ఎవరిని?"

"నన్నడుగుతారేం? మీ లాజరునే."

"మాటల్లేనివాడికి ఫోన్ ఎలా చేస్తాను గ్లోరీ? ఎత్తితే ఏమనాలి?"

"బతికున్నావా అనండి."

ఆ మాట ఆవిడ నోట తేలిగ్గా వచ్చింది. ఆయన మనసులో మూడు రోజులుగా అదే బరువుగా కూర్చుని ఉంది. శుక్రవారం పొద్దున్న పేపరు రాగానే మొదటి పేజీ వదిలేసి జిల్లా ఎడిషను శ్రద్ధాంజలి ప్రకటనలు చదివారు. అందులో సన్నగా ఉన్న ముఖాలు మూడు కనపడ్డాయి గాని, మూడూ వేరే మండలాలవి. పేపరు మడిచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు.

"ఎక్కడికి?"

"పెనుగొలను. మిరపకాయలు తెద్దామని."

"మన బజార్లో దొరకనివా?"

"అక్కడివి కారం ఎక్కువట."

గ్లోరిగారు ఒక సంచీ తెచ్చిచ్చారు. సంచీ అడుగున స్టీలు డబ్బా ఉంది. మాస్టారు ఏమిటని అడగలేదు. మూత సందుల్లోంచి చేపల పులుసు వాసన వస్తోంది.

దారి పొడుగునా ఆటోలో ఆయన రెండు రకాల మాటలు సిద్ధం చేసుకున్నారు. మంచాన పడి ఉంటే అనవలసినవి కొన్ని. అంతకంటే ఘోరం జరిగి ఉంటే రిబ్కమ్మగారితో అనవలసినవి కొన్ని. రెండోరకం మాటలు ఒక్కటీ కుదరలేదు. లాజరు బాగానే ఉంటే ఏమనాలన్నది మాత్రం ఆలోచించుకోలేదు. అది ఆయనకి తట్టలేదు.

లాజరుగారి వీధి మొగలోనే ఆటో ఆగిపోయింది.

"ఇంతవరకేనండి. ముందు శామియానా వేశారు, బండి పోదు."

మాస్టారు తల ఎత్తి చూశారు. లాజరుగారి ఇంటి ముందు వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా శామియానా. దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకుంటున్నారు. ఒకావిడ ముక్కు కూడా చీదింది.

ఒక మనిషిని తొమ్మిదేళ్ళు చూడకుండా ఉండొచ్చు, వాడు ఉన్నాడన్న ధీమా ఉంటే. మాస్టారు శామియానా అంచు దాకా వెళ్ళారు. లోపలికి పోవడానికి ధైర్యం చాలలేదు. ఏం చెయ్యాలో తోచనప్పుడు ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు మనిషిని ఆదుకుంటుంది. సంచీ కింద పెట్టి, మడమలు రెండూ చేర్చి, చేతులు పక్కలకి ఆనించి, నడుం నిటారుగా, తల మాత్రం వంచి, కళ్ళు మూసుకుని అటెన్షన్‌లో నిలబడ్డారు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, అటెన్షన్‌లో తుడుచుకోకూడదు.

ఒక నిమిషం గడిచింది. వెనకనించి ఒక గొంతు వినపడింది.

"నూటపాతిక చెబితే నూట ఇరవై నాలుగు దించావు. ఆ ఒక్కటీ ఏదయ్యా? మళ్ళీ లెక్కపెట్టు. ఇంతకీ కుర్చీలు దించేచోట అడ్డంగా నిలబడ్డ ఆ పెద్దమనిషెవరు?"

మాస్టారు కళ్ళు తెరిచారు. వెనక్కి తిరిగారు, ఎబౌట్‌టర్న్ పద్ధతిలో కాదు, మామూలు మనిషిలా. లాజరుగారు చేతిలో సుద్దముక్కతో, తల మీద తువ్వాలుతో, నిక్షేపంగా నిలబడి ఉన్నారు.

తొమ్మిదేళ్ళ తరవాత ఇద్దరి మధ్యా మొదటి మాట జయకర్ మాస్టారిదే అయింది.

"ఛీ! బతికే ఉన్నావా?"

"ఉండకపోతే నీకేమన్నా పీరియడు మిగులుతుందా?" అన్నారు లాజరుగారు. అనేశాక ఆయన మొహం కూడా ఒకలా అయిపోయింది. "ఏవయ్యా, ఏడుస్తున్నావేంటి?"

"ఎవడు ఏడుస్తున్నాడు? ఆ అరుగు మీద వాళ్ళెందుకు ఏడుస్తున్నారు?"

"పనివాళ్ళ భోజనానికి ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఆదివారం చర్చిలో మా మనవరాలికి మొదటిసారి దివ్యసత్ప్రసాదం ఇస్తారు. విందు పెడుతున్నాం. నువ్వేం అనుకున్నావ్?"

ఏం అనుకున్నదీ మాస్టారు చెప్పలేదు. శామియానా వంకా, కుర్చీల వంకా, మాస్టారి చెంపల వంకా లాజరుగారు వరసగా చూసి, తనే కూడుకుని జవాబు రాబట్టారు. ఆయన చేతిలో సుద్దముక్క విరిగింది.

"సోమవారం నించీ ఏమయ్యావు?" అని అరిచారు మాస్టారు, మాట మార్చడానికి అరవడమే మార్గంగా. "ఆరూ పది లేదు, ఏమీ లేదు. ఐదు రోజులు! నీ ఇష్టం వచ్చినప్పుడు వచ్చి, ఇష్టం వచ్చినప్పుడు మానేస్తావా? ఇదేమన్నా సంతా?"

"మానెయ్యడమేంటి? రోజూ చూస్తూనే ఉన్నా."

"అబద్ధం. నాకు వెండి సభ్యత్వం ఉంది. రాలేదు."

"నాకు బంగారం ఉంది," అన్నారు లాజరుగారు. "బంగారం తీసుకుంటే మనం చూసినట్టు అవతలివాడికి తెలీదు. అంతకు ముందు నాదీ వెండే, పోయిన ఆదివారం మార్చుకున్నా."

ఒకడికి డబ్బు పుచ్చుకుని కిటికీ అమ్మి, రెండోవాడి దగ్గర డబ్బు పుచ్చుకుని అదే కిటికీకి తెర అమ్మిన వ్యాపారం గొప్పతనం మాస్టారికి అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"నన్ను నాకు తెలీకుండా చూస్తావా? సిగ్గు లేదూ?"

"నేను చూస్తున్నానో లేదో డబ్బు కట్టి చూసుకుంటున్నావే, నీకుందా? నేను చూసిన సరిగ్గా పది నిమిషాలకి నువ్వు నన్ను చూస్తున్నావు. తొంభై రోజుల్లో ఎనభై ఏడుసార్లు. ఇది యాదృచ్ఛికం అనుకోడానికి నేను సోషలు మాస్టార్నా? నేను చూస్తున్నట్టు నీకు తెలిసిపోయిందని తేలింది. నాకెంత నామోషీగా ఉంటుంది? తలుపు సందులోంచి తొంగిచూస్తూ దొరికిపోయినట్టు లేదూ?"

"అయితే తొంగిచూడ్డం మానెయ్యాలి!"

"అదే కుదరలేదు," అన్నారు లాజరుగారు, గొంతు తగ్గించి.

కుర్చీలవాడు లెక్క మానేసి ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అరుగు మీద ఆడవాళ్ళు ఉల్లిపాయలు ఆపారు. రిబ్కమ్మగారు గుమ్మంలోకి వచ్చి, మాస్టారిని చూసి, "అన్నయ్యగారూ, ముందు లోపలికి వచ్చి తిట్టుకోండి, ఎండలో ఎందుకు?" అన్నారు.

"రానమ్మా. ఈయన నూరుమందిలో నన్ను పనిలేనివాడన్నాడు."

"నేనా? నేను పొగిడానయ్యా!" లాజరుగారు నిర్ఘాంతపోయారు. "రెండు కాయితాలు రాసుకొచ్చా. మొదటి కాయితంలో ఆ లెక్క. రెండో కాయితంలో దాని జవాబు. మొదటిది అవగానే నవ్వులూ చప్పట్లూ, ఆ ఎమ్మెల్యేగారి మనిషీ. మైకు పీక్కున్నారు. లెక్క సగంలో ఆపితే తప్పే వస్తుంది, ఎవరికైనా!"

తొమ్మిదేళ్ళ తరవాత మాస్టారికి రెండో కాయితం ఉందని తెలిసింది.

"ఏముంది అందులో?"

లాజరుగారు శామియానా కప్పు వంక చూశారు. కుర్చీల వంక చూశారు. తలమీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"గుర్తు లేదు."

"గుర్తు లేదా!"

"తొమ్మిదేళ్ళయింది. ఆ కాయితం స్కూటరు డిక్కీలో పెట్టా. స్కూటరు అమ్మేశా." న్యాయంగా ఇంకో మాట చేర్చారు. "మొత్తానికి బాగానే రాశాను. రాస్తున్నప్పుడు నాకే ఒకచోట కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి."

"ఎక్కడొచ్చాయో అదైనా చెప్పు."

"కింది నుంచి మూడో లైను."

కొట్టాలా, నవ్వాలా అన్నది తేలక, జయకర్ మాస్టారు వంగి సంచీలోంచి స్టీలు డబ్బా తీసి చేతిలో పెట్టారు. "గ్లోరి పంపింది. నేను పంపలేదు."

లాజరుగారు అక్కడే మూత తీసి, వేలు ముంచి నాకి, "చింతపండు ఎక్కువైంది" అన్నారు. తొమ్మిదేళ్ళ ఎడబాటు ఆయన తీర్పుల్ని ఏమాత్రం మెత్తబరచలేదు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. మిరపకాయల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆదివారం విందుకి జయకర్ మాస్టారూ, గ్లోరిగారూ మళ్ళీ వెళ్ళారు. ఆ రోజు వడ్డన పంక్తులన్నీ మాస్టారే ఈల ఊది నడిపించారని, సాంబారు వెనక పెరుగు ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదని, ఆ విందుకి వెళ్ళినవాళ్ళు చెబుతారు.

వెండి సభ్యత్వం మాస్టారు రద్దు చేసుకున్నారు. ఇక ఆయనకి దాంతో పని లేదు. చిక్కల్లా లాజరుగారితో వచ్చింది. ఆయన బంగారం ఒకేసారి సంవత్సరానికి కట్టేశారు. నెలనెలా కంటే పదిహేడు శాతం లాభమని లెక్క వేసుకుని మరీ కట్టారు. డబ్బు తిరిగి ఇచ్చేది లేదని కంపెనీ ఖరాఖండిగా చెప్పింది. డబ్బు పెట్టి కొన్న వస్తువును వాడకుండా పారెయ్యడం లాజరుగారి రక్తంలో లేదు. అందుచేత ఇప్పటికీ రోజూ ఉదయం ఆరూ పదికి జయకర్ మాస్టారి పేజీని, ఆయనకి తెలియకుండా, అత్యంత రహస్యంగా చూస్తారు. చూసి, ఆరూ పదకొండుకి ఫోను చేస్తారు.

"చూశాను."

"ఎవర్ని?"

"నిన్నే. నీకు తెలిసిందా?"

"తెలీలేదు."

"మరి! బంగారమంటే ఏమనుకున్నావు? అది సరేగాని, ఆ ఫొటో మార్చవయ్యా. టై వంకరగా ఉంది. రోజూ చూడలేక చస్తున్నా."

"అది సన్మానం రోజు తీసిన గ్రూపు ఫొటోలోది. పక్కనే నిలబడ్డావుగా, అప్పుడే చెప్పొద్దూ?"

"చెప్పాను. అప్పటికే నువ్వు నాతో మాట్లాడ్డం మానేశావు."